ఉప్పు సరిపోయిందా?

అమెరికాలోని స్క్రాంటన్‌లో ఆ ఉదయం ఇంకా మంచు కరగలేదు. ఫిలోమినా అప్పటికే పొయ్యి దగ్గర నిలబడి, ఊరవేసిన గొడ్డు మాంసపు పెద్ద ముక్కను ఉప్పు పోయేలా కడిగి బరువైన ఇనుప గిన్నెలోకి దించుతోంది. ఐరిష్ వాళ్ల సెయింట్ పాట్రిక్ పండుగ నాడు ఆ గిన్నె మీద చెయ్యి వేసే హక్కు ఆ ఇంట్లో మరెవరికీ లేదు.

"క్యాబేజీ నేను తరగనా అత్తయ్యా?" అంది కోడలు డానూటా.

"తరుగు. మీ పోలిష్ వాళ్లకి వచ్చిందదొక్కటేగా! గిన్నె జోలికి మాత్రం రాకు. కడుపులో బిడ్డనెలాగూ నిలుపుకోలేకపోయావు, పండుగనైనా నిలవనియ్యి."

డానూటా చేతిలో కత్తి ఆగిపోయింది. ఎత్తిపొడుపులు ఆమెకు కొత్త కాదు. కానీ ఈ మాట ఇంతవరకూ ఎవరూ పైకి అనలేదు.

ఫిలోమినా ఏమీ ఎరగనట్టు టీలో పాలు పోసుకుని తాగేసింది. తర్వాత డానూటా ఆ పాలే కాఫీలో పోసుకోబోతే పులిసిన కంపు గుప్పుమంది. పాలు విరిగిపోయాయి. అత్తగారు కప్పు ఖాళీ చేసింది, ముఖమైనా చిట్లించలేదు.

సన్నని సెగ మీద మాంసం మెల్లగా ఉడుకుతోంది. ఫిలోమినా మాటిమాటికీ మూత తీసి, గరిటెడు రసం చప్పరించి, కనుబొమలు ముడిచి గుప్పెడు ఉప్పు వేస్తోంది. మళ్లీ మరో గుప్పెడు. చెబుదామని డానూటా నోరు తెరిచింది. పొద్దుటి మాట గుర్తొచ్చింది. నోరు మూసుకుని క్యాబేజీ తరిగింది.

భోజనానికి ఆడపడుచు మోయిరా వచ్చింది. మొదటి ముక్క నోట్లో పెట్టుకోగానే నీళ్ల గ్లాసు అందుకుంది.

"ఏమిటిదమ్మా, సముద్రం ఉడకేశావా?"

"నేను సరిగ్గానే వేశాను. నా వెనకాల ఎవరు వేశారో నాకు తెలుసులే," అంది ఫిలోమినా.

"ఏడాదికొక్క పండుగ డానూటా! అది కూడా ఓర్వలేవా?" మోయిరా వదిన మీదికి తిరిగింది. డానూటా భర్త బ్రెండన్ కంచంలోంచి తలెత్తలేదు.

డానూటా లేచి, ఒక ముక్క కోసి అత్తగారి కంచంలో వేసింది.

"మీరే తిని చెప్పండి. ఉప్పు సరిపోయిందా?"

ఫిలోమినా నమిలింది. "సరిగ్గా సరిపోయింది. మీ నాలుకలే చచ్చాయి."

"చచ్చింది మీ నాలుక! పొద్దున విరిగిన పాలు తాగారు. గుప్పెళ్లకొద్దీ ఉప్పు పోశారు. అన్నీ చూస్తూనే ఉన్నాను. రుచీ వాసనా తెలియని మనిషి ఈ వంటింటికి మహారాణి!"

ఫిలోమినా చేతిలోంచి ఫోర్కు జారింది.

"చలికాలంలో జ్వరం వచ్చిందే, అప్పట్నుంచీ ఇంతే," అంది చివరికి. "ఏం తిన్నా తడి కాగితం నమిలినట్టుంది. బీరువాలో మీ నాన్న కోటుంది కదా మోయిరా, రోజూ దాంట్లో ముఖం దాచుకుని చూస్తాను. ఏ వాసనా రాదు. మనిషి మళ్లీ పోయినట్టుంది. ఈ గిన్నె కూడా నాది కాదంటే ఇంకేం మిగులుతుందని... చెప్పలేదు."

గెలిచినా డానూటా తన కంచం పక్కకు నెట్టేసింది. గిన్నె తీసుకెళ్లి రసం పారబోసి, మంచినీళ్లు పోసి, బంగాళాదుంపలు వేసి మళ్లీ సన్నని సెగ మీద పెట్టింది. కాసేపటికి ఫిలోమినా వచ్చి పక్కన నిలబడింది.

"నేను ఉప్పు వేస్తుంటే చూసి ఊరుకున్నావా?"

"ఊరుకున్నాను."

"పొద్దున నేనన్న మాటకేనా?"

డానూటా తలూపింది.

"అది మనిషన్నది అనే మాట కాదు," అంది ఫిలోమినా. అంతకుమించి ఆమెకు చేతకాలేదు. గరిటె కోడలి చేతిలో పెట్టింది. "వాసన ఎలా ఉందో చెప్పు."

డానూటా ఆవిరి మీదికి వంగింది. "మిరియాలు ముందు తెలుస్తున్నాయి అత్తయ్యా. వెనకాల లవంగం. తర్వాత..." ముంజేత్తో కళ్లు తుడుచుకుంది.

ఫిలోమినా ఆమె తలను తన భుజానికి ఆనించుకుంది.

"ఆపకు తల్లీ. తర్వాత?"