సెల్లార్‌లో ఓనమాలు

చేతిరాత నేర్పడం నా పని. గోపన్‌పల్లిలో మేముండే అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లోనే సాయంత్రాలు క్లాసులు పెడతాను. ఇక్కడి తల్లిదండ్రులంతా పొద్దస్తమానం కీబోర్డు టకటకలాడించేవాళ్ళే. పిల్లల రాత చూసి వాళ్ళు తల పట్టుకుంటారు, వాళ్ళ సంతకాలు చూసి నేను పట్టుకుంటాను. ప్రవళిక మేడమ్ చేతిలో పెడితే కోడి కెలికినట్టు రాసే పిల్లాడైనా దారికొస్తాడని నాకు మంచి పేరే ఉంది.

ఒక్క బుజ్జి దగ్గరే నా పప్పులు ఉడకలేదు. బుజ్జి నా కూతురు. ఆరేళ్ళు. నోరు తెరిస్తే మూసేది కాదు. లిఫ్టు ఎక్కినవాళ్ళందరినీ ఆపి మీ కుక్క పేరేంటి, మీ ఇంట్లో ఈరోజు కూరేంటి అని ఆరా తీసేది. నిద్రలో కూడా ఎవరితోనో వాదించేది. పెన్సిల్ చేతికిస్తే మాత్రం వేళ్ళు బిగుసుకుపోయేవి. ఒక్క గీత గీసేది కాదు. దసరాలోగా రాయడం మొదలుపెట్టకపోతే పై క్లాసుకు పంపలేమని స్కూలువాళ్ళు పిలిచి చెప్పారు. చేతిరాత టీచరు కూతురికి రాయడం రాదు! ఆ మాట బయటికి పొక్కితే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

"అక్షరాభ్యాసం చెయ్యకపోతివి. గురువు చెయ్యి పట్టి దిద్దిపియ్యక చదువు ఎట్లొస్తది బిడ్డా?" అని మా అత్త రుక్కమ్మ రోజూ సణిగేది. వేళ్ళలో బలం రాకముందే రాయించకూడదని చదువుకున్నదాన్ని కాబట్టి ఆ పని నేనే వాయిదా వేస్తూ వచ్చాను. బియ్యంలో వేలు పెట్టించి, పంతులు చేతిలో దక్షిణ పెడితే అక్షరాలు వచ్చేస్తాయా అత్తమ్మా అని నవ్వేదాన్ని కూడా.

ఆ వానాకాలం మా పిల్లల కోసం 'రాత పుట్టిన కథ' అని ఒక ఆదివారం కార్యక్రమం పెట్టుకున్నాను. తడిమట్టి పలకల మీద రెల్లుపుల్లతో గుర్తులు నొక్కించాలి. బ్రాహ్మి అక్షరాల్లో ఎవరి పేరు వాళ్ళతో రాయించాలి. తాటాకు, గంటం చేతికిచ్చి, గీత గట్టిగా గీస్తే ఆకు ఎలా చిరుగుతుందో, మన అక్షరాలకు అంత గుండ్రని రూపం ఎందుకు వచ్చిందంటారో చూపించాలి. అన్నిటికంటే పెద్ద ఆకర్షణ మా సొంత శాసనం. పక్క టవర్‌కు పునాది తవ్వుతుంటే మనిషెత్తు రాయి బయటపడింది. దాని నిండా పాత అక్షరాలు. మ్యూజియం బండి వచ్చేదాకా అని దాన్ని మా కింది సెల్లార్‌లో గోడకు ఆనించి పెట్టారు.

"అచ్చు తీసుకోండమ్మా, పిల్లలకి చూపించండి. మన కమ్యూనిటీకి ఎంత పేరండీ!" అని అసోసియేషన్ సెక్రటరీ రామాంజనేయులు గారు తాళం ఇప్పించారు.

శాసనం అచ్చు తీయడం నేను ఇష్టంగా నేర్చుకున్న పని. రాయిని కడిగి, దాని మీద తడి కాగితం పరిచి, గట్టి బ్రష్‌తో కొడుతూ పోవాలి. కాగితం అక్షరాల లోతుల్లోకి దిగుతుంది. తర్వాత సిరా గుడ్డతో అద్దితే చుట్టూ నల్లగా, అక్షరాలు మాత్రం తెల్లగా తేలతాయి. శనివారం సాయంత్రం ఆ పని ముగిద్దామనుకున్నాను. బయట కుండపోత వాన. అత్తమ్మ మదీనాగూడలో ఆడబిడ్డ ఇంటికి వెళ్ళింది. మా ఆయన భాస్కర్ కోకాపేట ఆఫీసు నుంచి వస్తూ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాడు. బుజ్జిని వెంటబెట్టుకునే దిగాను.

సెక్యూరిటీ పోచయ్య తలుపు తీశాడు గానీ గడప దాటలేదు.

"జర జల్ది కానియ్యుండ్రి మేడమ్. ఈ రాయి వచ్చిన కాడికెల్లి ఈడ నాకు మంచిగ అనిపిస్తలేదు."

"ఏం కనిపించింది?"

"కనిపియ్యలే. ఊరికెనే." అతను నవ్వబోయి మానేశాడు.

సెల్లార్‌లో ఒక ట్యూబ్‌లైటు వెలుగుతోంది. ఇంకా ఎవరికీ ఇవ్వని పార్కింగ్, బండి ఒక్కటి కూడా లేదు. తడి సిమెంటు, డీజిలు వాసన. పైపుల్లో నీళ్ళు జారుతున్న చప్పుడు. రాయి దగ్గరికి పోయేకొద్దీ ఇంకో వాసన తగిలింది. తడిగుడ్డతో పలక తుడిస్తే వస్తుందే, ఆ వాసన. చిన్నప్పటి బడి గుర్తొచ్చి నాకు హాయిగా కూడా అనిపించింది.

రాయి కడుగుతుంటే కింది వరుసల దగ్గర నా చేయి ఆగింది. పై అక్షరాలు గరుకుగా ఉన్నాయి. కిందివి మాత్రం నున్నగా అరిగిపోయాయి. వానకు అరిగిన రాయి అన్ని వైపులా ఒకేలా అరుగుతుంది. ఇక్కడ గీత ఎక్కడ మొదలై ఎటు తిరుగుతుందో ఆ దారి ఒక్కటే అరిగింది. కూర్చున్న చిన్నపిల్లల చేతికి అందే ఎత్తు అది. ఎంతమంది పిల్లలు ఎన్నేళ్ళు వేలు పెట్టి దిద్దితే ఇంత నున్నబడుతుంది? ఇది బడి రాయి. నాకు ఒళ్ళు పులకరించింది.

ఆ సంతోషంలోనే ఆ పని చేశాను. బుజ్జిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, చూపుడువేలు పట్టి, మొదటి అక్షరం గాడిలో పెట్టాను. గాడిలో దిద్దిస్తే పిల్లల చేతికి ఆకారం తొందరగా పట్టుబడుతుంది. మా వృత్తిలో అందరం చేయించేదే.

"నీకు అక్షరాభ్యాసం కాలేదని నానమ్మకు పరేషాన్ గదా. ఇగో, ఈయనే నీ గురువు. దండం పెట్టు," అన్నాను రాయిని చూపిస్తూ.

బుజ్జి కిలకిలా నవ్వి దండం పెట్టింది. తర్వాత తనంతట తానే వేలు గాడిలో పెట్టింది. ఆరేళ్ళలో మొదటిసారి! దాన్ని ఆపడం ఇష్టంలేక, మెల్లగా ఒళ్ళోంచి నేల మీదికి జరిపి, నేను లేచి పై వరుసల మీద కాగితం పరిచి కొట్టడం మొదలుపెట్టాను. కింద దాని కబుర్లు సాగుతూనే ఉన్నాయి.

"అమ్మా, సారు మంచిగ చెప్తుండు."

"అవునా?"

"చెయ్యి పట్టుకొని చెప్తుండు. ఈడ శానమంది పిల్లలున్నరంట."

బుజ్జి ఆటలు నాకు కొత్తకాదు. సోఫాతో కూడా స్నేహం చేసే పిల్ల. నేను కాగితం ముడత సరిచేస్తున్నాను.

"అమ్మా, దక్షిణ ఏమిస్తవ్ అంటుండు సారు."

గురువు అడిగితే ఏమని చెప్పాలో మన ఇళ్ళల్లో అందరికీ నోటికి వచ్చిన మాటే. నేనూ అదే అన్నాను.

"మీరు ఏమడిగితే అది ఇస్తమని చెప్పు బిడ్డా."

"మా అమ్మ ఇస్తమన్నది సార్," అంది బుజ్జి.

లైటు పోయింది.

జనరేటర్ అందుకుంటుందని నిలబడ్డాను. అందుకోలేదు. పైపుల్లో నీటి చప్పుడు కూడా ఆగిపోయింది. పలక వాసన ఒక్కసారిగా ముక్కుపుటాలు నింపింది… ఎవరో నా పక్కనే తడిగుడ్డ పిండినట్టు…

"బుజ్జీ."

కాళ్ళ దగ్గర చిన్న చప్పుడు మాత్రం. సర్… సర్… రాయి మీద వేలు తిరుగుతున్న చప్పుడు.

"బుజ్జీ, మాట్లాడమ్మా…"

సర్… సర్…

ఆరు నిమిషాలు నోరు మూసుకుని కూర్చోలేని పిల్ల. జేబులో ఫోన్ తడిమి, లైటు వేసి, కిందికి తిప్పాను.

బుజ్జి రాయి వైపు తిరిగి కూర్చుంది. వేలు అక్షరం మీద నడుస్తోంది. తడబాటు లేదు. గుండ్రంగా, ఎక్కడా ఆగకుండా, ఎన్నో ఏళ్ళు రాసిన చేతిలా. మణికట్టు దగ్గర చర్మం లోపలికి నొక్కుకుపోయి ఉంది. నాలుగు చోట్ల… ఇంకో వైపు ఒక చోట.

లైటు ఇంకాస్త కిందికి జారింది.

బుజ్జి నేల మీద కూర్చోలేదు. కాళ్ళు మడుచుకుని హాయిగానే కూర్చుంది. కానీ దానికీ నేలకీ మధ్య జానెడు ఖాళీ ఉంది. ఎవరి ఒళ్ళోనో కూర్చున్నట్టు.

నేను అరిచానో లేదో గుర్తులేదు. దాన్ని లాగాను. రాలేదు. మళ్ళీ లాగాను… అవతల ఎవరో పట్టు వదిలినట్టు ఒక్కసారిగా నా మీద పడింది. చంకనేసుకుని పరుగెత్తాను. ర్యాంప్ మీద పోచయ్య ఎదురొచ్చి నన్ను పట్టుకున్నాడు. "ఏమైంది మేడమ్, ఏమైంది?" అంటూనే అతను సెల్లార్ తలుపు మూసి గొళ్ళెం పెట్టాడు.

బుజ్జి ఏడవలేదు. భయపడలేదు. నా ముఖంలోకి చూసి నవ్వింది, అంతే.

ఆ రాత్రి నుంచి అది మాట్లాడలేదు.

దవాఖానల చుట్టూ తిరిగాం. గొంతు బాగుంది, చెవులు బాగున్నాయి, తలలో ఏ దోషమూ లేదు. చీకట్లో జడుసుకుంది, మెల్లగా వస్తుందన్నారు. భాస్కర్ ఆ మాట పట్టుకుని వేలాడుతున్నాడు. రుక్కమ్మత్త దిష్టి తీయని రోజు లేదు. నేను సెల్లార్‌లో ఏం చూశానో ఇద్దరికీ చెప్పాను. భాస్కర్ నా నుదురు మీద చెయ్యి వేసి చూశాడు. అత్తమ్మ మాత్రం లోపలికి పోయి ఏడ్చింది.

మాట పోయింది గానీ రాత వచ్చింది. ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టింది. పుస్తకాల్లో, గోడల మీద, కంచంలో మిగిలిన పెరుగన్నంలో. నా దగ్గర చదివిన పిల్లలెవరూ ఇంత అందంగా రాయలేదు, నేనూ రాయలేను. స్కూలువాళ్ళు దాని పుస్తకాన్ని క్లాసుక్లాసుకూ తిప్పి చూపించారట. అందరూ నన్ను మెచ్చుకునేవాళ్ళు. నేను మాత్రం దాని పెన్సిల్ చప్పుడు వినిపిస్తే చెవులు మూసుకునేదాన్ని. లిఫ్టులో అందరినీ ఆపి కుక్కల పేర్లడిగే నా బిడ్డ కావాలి నాకు. అక్షరాలు ఎవడిక్కావాలి?

మొన్న బాల్కనీ అద్దం మీద వాన ఆవిరి పట్టి ఉంటే దాని పక్కన కూర్చున్నాను.

"బుజ్జీ, నీ మాట ఏమైంది బంగారం?"

అది అద్దం మీద వేలితో నిదానంగా రాసింది.

సారుకు ఇచ్చిన. నువ్వే ఇస్తమని చెప్పినవ్.

రాసి, నేను దిద్దుతానేమో అన్నట్టు నా వైపు చూసింది.

నిన్న రామాంజనేయులు గారు ఫోన్ చేశారు. "రేపు మ్యూజియం బండి వస్తుందండి. మీ కాగితం ఇంకా రాయికే అంటుకుని ఉందట, కావాలంటే తీసుకోండమ్మా." నాకు ఇంకేమీ వినిపించలేదు. ఆ రాయి పోతే నా బిడ్డ మాట కూడా దాని వెంటే పోతుంది.

ఆ మధ్యాహ్నమే, పట్టపగలు దిగాను. పోచయ్య వద్దన్నాడు. తర్వాత తన పెద్ద టార్చి తెచ్చి నా చేతిలో పెట్టి, తలుపు బార్లా తెరిచి అక్కడే నిలబడ్డాడు. పగలైనా సెల్లార్‌లో అదే చీకటి, అదే పలక వాసన. రాయి ముందు మోకాళ్ళ మీద కూర్చుని చెవి ఆనించాను.

మొదట ఏమీ లేదు. తర్వాత… ఎక్కడో లోతులో… పిల్లలు. చాలామంది పిల్లలు. ఒకడు చెబితే అందరూ అందుకునే పాత బడి రాగంలో.

ఓం… నమః…

అన్ని గొంతుల మధ్యా ఒకటి ముందుకు దూకుతోంది. ఎప్పుడూ తొందరే దానికి. నాకు తెలియని గొంతా అది!

"బుజ్జీ!"

రాగం ఆగిపోయింది.

"అమ్మా," అంది బుజ్జి. రాయిలోంచి. నా చెవికి అంత దగ్గరగా, వెచ్చగా.

"ఇంటికి రా బిడ్డా. సారు కాళ్ళు మొక్కుత. తప్పయింది, నాకు తెల్వక అన్న. ఆ దక్షిణ వాపస్ ఇయ్యమని అడుగు. ఇంకేమన్న ఇస్త."

లోపల గుసగుసలు. ఎవరో మెల్లగా ఏదో చెబుతున్నారు. మాటలు అందలేదు గానీ అది ముసలి గొంతు, కోపం లేని గొంతు.

"ఇస్తడట అమ్మా. నా జాగల ఇంకొకలు కూసుంటే నన్ను పంపిస్తడట."

"నేను కూసుంట! ఇప్పుడే కూసుంట, నా నోరు తీస్కోమను."

"నువ్వు గాదట. పెద్దోళ్ళు వద్దట."

"మరి ఎవరు బుజ్జీ?"

మళ్ళీ గుసగుస. తర్వాత బుజ్జి గొంతు, ఇంటికి చుట్టాలొస్తున్నారని తెలిస్తే ఎలా ఉంటుందో అంత సంబరంగా.

"తమ్ముడు! జల్ది లేదు, ఐదేండ్లు నిండినంక తోల్కరమ్మంటుండు. ఇస్తవా అమ్మా?"

నా చెయ్యి దానంతటదే కడుపు మీదికి పోయింది. ఆ పొద్దున్నే నాకు తెలిసింది. భాస్కర్‌కు కూడా ఇంకా చెప్పలేదు.