తూముకొండ వజ్రపంజరం

మూడు నల్లరాతి ప్రాకారాలు, ఉత్తరపు గోడను ఒరుసుకుంటూ పారే ఏరు, నడుమ రాజనగరు, ఆ నగరు మీద ఎండను సైతం గళ్లుగళ్లుగా కోసి పంచే ఇనుప వల. ఆ వేసవిలో తూముకొండ దుర్గాన్ని చూసిన బాటసారులు నోళ్లు వెళ్లబెట్టేవారు. శత్రువుల యంత్రాలు విసిరే బండరాళ్లను ఆకాశంలోనే పట్టేస్తుందని మహామంత్రి మాచన ప్రగడ దానికి వజ్రపంజరమని పేరు పెట్టాడు. అది కప్పింది రాజనగరునూ, ప్రగడ మేడనూ. కింది పేటలోని నేతగాళ్లకూ కుమ్మరులకూ పైనున్నది ఉత్త ఆకాశమే.

రాజ్యంలోని ఇనుమంతా చాలక, ఏనుగులు కుమ్మకుండా సింహద్వారం తలుపులకు దిగ్గొట్టిన శూలాలను కూడా పెరికి కరిగించారు. భర్త నేలకూలిన నాటి నుంచి పదేళ్లుగా ఆ ద్వారాన్ని కాస్తున్న సేనాని మైలాంబ కొలువులో నిలబడి అడిగింది.

"ప్రభూ, ఆ వల మీద ఒక్క రాయైనా వేసి చూశారా?"

"చూడకూడదు," అన్నాడు ప్రగడ, పసిదానికి చెప్పినట్టు. "తెగితే లోకానికి తెలిసిపోదూ? అది రాళ్లను ఆపడానికి కాదు, మైలమ్మా, మాట నెగ్గించుకోవడానికి. దాన్ని విప్పేస్తామంటే చాలు, పొరుగు రాజు వరదరాజు సరిహద్దులోని పన్నెండు గ్రామాలూ వదులుకుంటాడు. ఆడవాళ్లకు తలుపూ గడియా తప్ప ఏం కనబడతాయి!"

కొలువు నవ్వింది. అందరికన్నా ముందు రాజు నవ్వాడు.

"మేం గడియ వేశాకే గదా, ప్రగడగారూ, తమరు గుర్రుపెట్టేది! శూలాలు లేని తలుపు ఏనుగుకు తడిక. కనీసం పేట జనాన్నైనా అవతలి ఒడ్డుకు దాటించనివ్వండి."

"జనం పారిపోతే వల మీద మాకే నమ్మకం లేదని శత్రువు అనుకోడా? పేట కదలరాదు. రాజాజ్ఞ!"

మర్నాడు వరదరాజు రాయబారి సోమదండనాథుడు వచ్చాడు. ఏటి వైపున్న చిన్న దిడ్డివాకిలి గుండా తీసుకొద్దామని మైలాంబ అన్నా, వల నిండుగా కనబడేది సింహద్వారం నుంచేనని ప్రగడ పట్టుబట్టాడు. తూముకొండలో ఏ రాయబారైనా సింహద్వారం తలుపుకు అరచేయి ఆనించి మొక్కాకే లోపలికి అడుగు పెట్టాలి. ఆ మర్యాద జరిపించాలన్న సరదా కూడా మంత్రిదే. "పైకి చూడండి, దండనాథా!" అంటూ ఆయన మెడ నిక్కించి చూపిస్తున్నాడు. రాయబారి పైకే చూశాడు. తలుపు మీద చేయి మాత్రం కదిలింది. శూలాలు పెరికిన గుంటల్లో ఒకదాని తర్వాత ఒకటిగా వేళ్లు దూరి వచ్చాయి. అది మైలాంబ ఒక్కతే చూసింది.

"అద్భుతం!" అన్నాడు రాయబారి. పన్నెండు గ్రామాల సంగతి తమ ప్రభువుకు విన్నవిస్తానని తాంబూలం పుచ్చుకుని వెళ్లాడు. ప్రగడ ఆ సాయంత్రం పండుగ చేయించాడు.

పదో నాడు తెల్లవారగానే వరదరాజు సేన వచ్చింది. దానితో ఒక్క రాతియంత్రమూ లేదు, నలభై ఏనుగులున్నాయి.

మైలాంబ నగరు వైపు చూడను కూడా లేదు. "దిడ్డి తెరవండి. ముందు పిల్లలు, బాలింతలు. పడవలు వెనక్కి రానక్కరలేని దాకా ఇక్కడెవరూ చావడానికి వీల్లేదు!" అని కత్తి దూసింది. ఎనభైమంది కావలివాళ్లు తలుపులకు దూలాలు అడ్డుపెట్టి వీపులు ఆనించారు. తలుపులు ముక్కలయ్యాక ఆ ఇరుకు దారిలో శరీరాలే అడ్డుపెట్టి మధ్యాహ్నం దాకా నిలబడ్డారు.

అంతా అయ్యాక ప్రగడ తలపాగా లేకుండా పరుగెత్తుకొచ్చాడు. "దండనాథా, వల విప్పేస్తాం! గ్రామాలు కూడా అక్కర్లేదు..."

సోమదండనాథుడు తలెత్తి చూశాడు. "ఉంచుకోండి. ఆనపపాదు పాకించుకోవచ్చు, పందిరి బాగుంది."

అప్పుడే దిడ్డి వైపు నుంచి ఒక భటుడు వచ్చి, పేటలో పురుగు కూడా లేదని, పడవలన్నీ అవతలి గట్టున ఉన్నాయని చెప్పాడు. నెత్తురోడుతూ విరిగిన తలుపుచెక్కకు ఆనుకుని కూర్చున్న మైలాంబ పెదవుల మీద చిరునవ్వు కదిలింది.

ప్రగడ ఆమె మీద విరుచుకుపడ్డాడు. "నీ వల్లే ఇదంతా! రాజాజ్ఞ మీరావు!"

"మీరాను, ప్రగడగారూ," అంది మైలాంబ తృప్తిగా. కళ్లు మూసుకుంది.

సోమదండనాథుడు తలపాగా తీసి నిలబడ్డాడు. ప్రగడ ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు.