రెండో చేతి గీతలు

ఆ రోజు డాక్టరమ్మకి ఒక్కచోట కాలు నిలవలేదు. పొద్దున్నుంచి ఆరుగురు పిల్లల్ని చూసింది. పోసుకున్న టీ పోసుకున్నట్టే చల్లారిపోయింది. బయట వాన రానూ రాదు, పోనూ పోదు. ఇంకొక్క పిల్ల మిగిలింది, ఆరేళ్లది. ఐదింటికల్లా దాని రిపోర్టు కోర్టుకి చేరాలి.

పిల్లల చేత ఇల్లూ, చెట్టూ, మనుషులూ గీయించి, వాళ్ల మనసులో ఏముందో చెప్పడం డాక్టరమ్మ పని. ఇరవయ్యేళ్లు కాగితం మీద గీయించింది. ఈ ఏడాది గాజుపలక వచ్చింది. పిల్లలు దాని మీద ప్లాస్టిక్ పెన్నుతో గీస్తుంటే, ఏ గీత ముందు, ఏది తర్వాత, చెయ్యి ఎక్కడ వణికింది, ఎక్కడ నొక్కింది, అన్నీ లోపలున్న ఏఐ గమనించి రిపోర్టు రాసిపెడుతుంది. మొదట్లో డాక్టరమ్మ మూతి తిప్పుకుంది. తర్వాత పోనీలే, కళ్లకి కాస్త విశ్రాంతి అనుకుంది. అక్కడే కొంప మునిగింది.

ఈ పిల్ల తల్లి ఐదు నెలల క్రితం పోయింది. ఇంట్లో మెట్లు ఫినాయిలుతో తుడిచి తడిగా ఉంటే కాలుజారి పడిందన్నారు. అప్పట్నుంచి పిల్ల అమ్మమ్మ దగ్గరే ఉంది. ఇప్పుడు తండ్రి నా పిల్లని నాకిచ్చేయమంటున్నాడు. పిల్లకి ఆ ఇల్లంటే భయం లేదని రిపోర్టు వస్తే, ఈ సాయంత్రమే తీసుకెళ్తాడు. భయం ఉందంటే, అమ్మమ్మ దగ్గరే ఉంచేస్తారు.

"ఇంట్లో నిన్నేమని పిలుస్తారే?"

"పిచ్చుక."

"మరి కిచకిచలాడవేం? రా, మీ నాన్నావాళ్ల ఇల్లు గీసి చూపించు."

పిల్ల కిసుక్కున నవ్వి, భుజాన పసుపు సంచీ తియ్యకుండానే కూర్చుని, కుడిచేత్తో పెన్ను పట్టుకుంది. డాక్టరమ్మ కిటికీ దాకా వెళ్లింది, వచ్చింది, గడియారం చూసింది, మళ్లీ వెళ్లింది. గదిలో వాళ్లిద్దరే. ఎక్కణ్ణుంచో ఫినాయిలు వాసన గుప్పుమంది. వరండా ఇప్పుడా తుడిచేది, వేళాపాళా లేకుండా అని విసుక్కుంది.

పిల్ల గీసేసి బయటికి వెళ్లింది. ఇల్లు, తలుపు, చెట్టు, చెయ్యి ఊపుతున్న నాన్న. ఇంటి మధ్యలో మాత్రం ఒకదాని మీద ఒకటి పడ్డ పిచ్చిగీతలు. పలక మీద అక్షరాలు వచ్చాయి.

గీసిన చేతులు: రెండు. ఒకటి పిల్లది. రెండోది పెద్దవాళ్లది, ఎడమచేయి.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది!" అంది డాక్టరమ్మ పలకతో.

పలక ఇలా అనడం కొత్తేం కాదు. తల్లులు ఊరుకోలేక, పిల్లల చెయ్యి పట్టుకుని గీయించేస్తుంటారు. అందుకే 'పెద్ద చేతి గీతలు తీసేయి' అని ఒక మీట పెట్టారు. అలవాటు చొప్పున నొక్కేసింది. పిచ్చిగీతలు మాయమయ్యాయి. శుభ్రమైన ఇల్లు మిగిలింది. 'భయం లేదు, పంపవచ్చు' అని రిపోర్టు వచ్చింది. సంతకం పెట్టి పంపేసింది. ఇంకా ఐదు కాలేదు.

కోర్టు సరేననగానే, బయట కాచుక్కూర్చున్న తండ్రి "చాలా థాంక్స్ మేడమ్" అని పిల్లని కారెక్కించుకుని వెళ్లిపోయాడు. అమ్మమ్మ బెంచీ మీద రుమాలు నోట్లో కుక్కుకుని కూర్చుంది. డాక్టరమ్మ వెళ్లి పక్కన కూర్చుంది.

"బెంగపడకండమ్మా. బొమ్మ ముచ్చటగా వేసింది. మీరే నేర్పారా?"

"నాకేం వచ్చు తల్లీ! వాళ్లమ్మే చెయ్యి పట్టుకుని దిద్దించేది. దానిది పుర్రచేతివాటం. ఎడమచేత్తో నేర్పితే పిల్లకి ఎలా వస్తుందే అని నవ్వేదాన్ని."

డాక్టరమ్మ చప్పున లేచింది. పరుగున గదిలోకి వచ్చి, ఈసారి రెండో చేతి గీతలు మాత్రమే చూపించమంది. ఫినాయిలు వాసన... ముక్కుపుటాలు మండేంత.

మెట్లు. కింద ఒక ఆడమనిషి, బోర్లా. పైమెట్టు మీద ఒక మగమనిషి, చేతులు రెండూ ముందుకి చాచి... ఆ చేతుల ముందు ఇంకొకరు. చిన్నది. భుజాన సంచీ.

తండ్రికి ఫోన్ చేసింది. మోగింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. స్విచాఫ్.

"అయ్యో... నా చేతులారా పంపేశానే!"

కోర్టు గుమాస్తాకి చేసింది. "రాసి పంపండి మేడమ్, వెంటనే పోలీసుల్ని పంపిస్తాం" అన్నాడు. పలక మీదే రాసింది. ఆ రిపోర్టు తప్పు, పిల్లని వెనక్కి తీసుకురండి. అక్షరాలు వంకరపోతున్నాయి. ఒకసారి రాసింది, కొట్టేసింది, మళ్లీ రాసింది. సంతకం పెట్టి పంపేసరికి ఐదున్నర.

పలక అలవాటుగా దాన్నీ చదివింది.

రాసిన చేతులు: మూడు.

ఒకటి మీది.

రెండోది పెద్దవాళ్లది, ఎడమచేయి.

మూడో వరస కనపడకుండా డాక్టరమ్మ అరచేత్తో మూసేసింది. బయట బెంచీ మీద అమ్మమ్మ ఫోన్ మోగింది. "హలో... ఎవరండీ?" అంటోంది ఆవిడ. "ఆ... నేను వాళ్ల అమ్మమ్మనే... ఏమైందండీ?"

డాక్టరమ్మ మెల్లగా చెయ్యి తీసింది.

మూడోది పిల్లది, కుడిచేయి.

సంతకం కింద తను గియ్యని చిన్న ఇల్లు ఒకటుంది. దానికి మెట్లు లేవు.