పాలచెయ్యి

"ఎడమ చెయ్యి నకిలీ."

ఆ ఒక్క ముక్క రాసి, ఆ చీటీని ఆమె రోబో బొమ్మ కాళ్ళ దగ్గర నిలబెట్టి, ఏమీ ఎరగనట్టు పక్క బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు ఆ మనిషి.

కళ్ళద్దాల షాపు అమ్మాయికి ఒళ్ళు మండిపోయింది. పాత రోబో బొమ్మలు పోగుచేసేవాళ్ళంతా ఆదివారం ఆ హాల్లో కలుస్తారు. లారీగానో విమానంగానో మారే బొమ్మలను పక్కపక్కన పెట్టి, ఏది మొదట్లో వచ్చిందో, ఏది తర్వాత మళ్ళీ పోతపోసిందో పోల్చి చూసుకుంటారు. ఆమె రావడం ఇదే మొదలు. తెచ్చింది ఒకే బొమ్మ, నాన్న కొనిచ్చిన ఎర్ర లారీ రోబో. నాన్న పోయాక ఆయన గుర్తుగా దాచుకున్నది అదొక్కటే.

"ఏమండీ భూతద్దంగారూ!" చేతిలో భూతద్దం వదలడని అందరూ అతన్ని అలాగే పిలుస్తుంటే ఆమె కూడా అదే పేరు అందుకుంది. "మా నాన్న నకిలీ బొమ్మ కొన్నాడంటారా?"

"నాన్నగారినేమీ అనలేదండీ. చేతినే అన్నాను. రెండు చేతుల మెరుపులో తేడా ఉంది."

"తేడా మీ కళ్ళలో ఉంది. మా షాపుకి రండి, ఊరికే టెస్ట్ చేస్తాను!" షాపు కార్డు అతని ముందు విసురుగా పెట్టింది.

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. అతనూ నవ్వాడు. బుగ్గ మీద సొట్ట పడింది. ఆమెకు ఇంకా మండింది. తప్పు రాసినవాడికి సొట్టొకటి ఎందుకసలు?

మర్నాడు మధ్యాహ్నం, జోరువానలో, ముద్దగా తడిసి అతను షాపు గుమ్మంలో నిలబడ్డాడు. కూతురికి అన్నం క్యారియర్ తెచ్చిన అమ్మ గుండె పట్టుకుంది.

"అయ్యో బాబూ, చూసి నడువు! జారితే నడుం విరుగుతుంది. తడిచేత్తో ఆ స్విచ్చి ముట్టుకోకు!"

"కళ్ళ టెస్టుకేనా?" అంది అమ్మాయి పుల్లవిరుపుగా.

"క్షమించమని అడగడానికండీ. ఆ చీటీ తప్పు."

"అయితే చెయ్యి అసలుదే!"

"కాదు."

"మళ్ళీ అదే మాట!"

"నకిలీ కూడా కాదండీ. నేను కట్టుడుపళ్ళు చేస్తాను. పొద్దున ఒక సెట్టు నునుపు చేస్తుంటే అదే మెరుపు కనబడింది. ఆ చెయ్యి పళ్ళ ప్లాస్టిక్‌తో చేసింది. ఎవరో ఓపిగ్గా అరగదీసి, రంగేసి, కీలు కుదిర్చారు. లారీగా మడిస్తే వెంట్రుకవాసి తేడా లేదు."

క్యారియర్ మూత తీయబోతున్న అమ్మ ఆగిపోయింది. "పళ్ళ ప్లాస్టిక్కా? మీ నాన్న చేసిన పనీ కట్టుడుపళ్ళే కదే!"

అమ్మాయికి చప్పున గుర్తొచ్చింది. ఆరేళ్ళప్పుడు ముందుపన్ను ఊడిన వారమే రోబో చెయ్యి కూడా ఊడింది. పిల్ల మింగేసిందేమోనని అమ్మ ఇల్లంతా గగ్గోలు పెట్టింది. నాన్న మాత్రం రోబోను జేబులో వేసుకుని, "వాడిది పాలచెయ్యమ్మా, మళ్ళీ మొలుస్తుంది" అన్నాడు. నిజంగానే మొలిచింది. తను నమ్మేసింది. నమ్మి, మరిచిపోయింది.

కళ్ళు నిండాయి. కోపం మాత్రం తగ్గలేదు.

"మా నాన్న చేసిన చేతిని నలుగురిలో నకిలీ అంటారా?"

"ఎలా రాయమంటే అలా రాస్తాను." జేబులోంచి కొత్త చీటీ తీశాడు. దాని అంచు తడిసింది.

"రాయండి. ఎడమ చెయ్యి మొలిచింది."

అతను నవ్వలేదు. అక్షరం అక్షరం కుదురుగా రాశాడు. "ఎవరైనా ఇదేమిటని అడిగితే?"

"మీరే చెప్పాలి. ప్రతి ఆదివారం, అడిగిన ప్రతివాళ్ళకీ!"

"అంటే ప్రతి ఆదివారం మీ పక్కనే నిలబడాలన్నమాట."

"మరి? నలుగురిలో అన్నవాళ్ళు నలుగురిలోనే దిద్దుకోవాలి."

ఇప్పుడు పడింది సొట్ట. తిట్టబోయి, నవ్వు ఆపుకుంటూ ఆ చీటీ లాక్కుంది.

అమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఇంట్లో ఎవరెవరుంటారు బాబూ?"

"అమ్మా!"

"అడిగితే తప్పేంటే? ఈ వానలో పిల్లాడికి జలుబు చేసి, అది జ్వరంలోకి దిగితే చూసేవాళ్ళెవరని!" తన గొడుగు తీసి అతని చేతిలో పెట్టింది. "రేపు పంపించెయ్యి."

అతను గుమ్మం దిగుతుంటే మళ్ళీ కేకేసింది.

"ఎవరిచేతా పంపకు బాబూ. నువ్వే తీసుకురా."