బోల్టులు అడిగే విమానం

నరసరావుపేట దాటి వినుకొండ రోడ్డు పట్టాక, ఒక కాలేజీ గేటు పక్కన సిమెంటు దిమ్మె మీద యుద్ధ విమానం నిలబడి ఉంటుంది. పొద్దుగూకితే ఆటోవాళ్ళు అక్కడ హారను కూడా కొట్టరు. ఆగినవాణ్ణి అది అడుగుతుందట — నా బోల్టు ఏదీ… అని.

అడగదా మరి? ఏళ్ళ తరబడి సరిహద్దులో ఎగిరింది. ముసలిదయ్యాక దాని సామాను ఒక్కోటి ఊడదీసి తోటి విమానాలకు బిగించారు. ఇంజను కూడా ఇచ్చేసి డొల్లగా ఇక్కడికొచ్చింది. మిగిలిన ఆ కాస్తా మనవాళ్ళు పీక్కుపోతే ఎట్లా ఊరుకుంటుంది?

పీక్కుపోయినవాళ్ళలో యల్లమంద ఒకడు. మిరప చేలో మందుకొట్టే ఇంజనుకు పైపు ఊడిపోతుంటే, విమానం ఎడమ చక్రం కాడి క్లాంపు తెచ్చి బిగించాడు. కొలత తీసి చేసినట్టు కూర్చుంది.

కూర్చుందిగానీ, పక్కింటి కృపావరం ఉద్యోగానికి ఎసరొచ్చింది. అతను ఆ విమానానికి వాచ్‌మన్. తెల్లారితే వైమానిక దళం ఆఫీసరు చూడ్డానికొస్తున్నాడు. సామాను లెక్క తగ్గితే నువ్వు ఇంటికి పొమ్మని కాలేజీ చైర్మన్ గారు తేల్చేశారు.

యల్లమందను భార్య సీతారావమ్మ నిలదీసింది.

"వాళ్ళ పిల్లల కూడు తీసి మన మిరపతోట బతకాల్నా? పోయి పెట్టిరా."

"పొద్దున పెడతాలే."

"ఆఫీసరు చేతికే ఇస్తావా ఏంది?"

చేతికందిన కారప్పొడి అంటిన గుడ్డలో క్లాంపు మూటగట్టి, దిష్టి తగలకుండా నిమ్మకాయ కూడా పెట్టి ఇచ్చింది.

బండి దూరంగా ఆపి నడిచాడు. చీకట్లో విమానం ముక్కు తన వైపే తిరుగుతున్నట్టుంది… దిమ్మె ఎక్కాడు. చక్రం మీద చెయ్యి వేశాడు — చల్లగా, తడిగా ఉంది.

పైనుంచి ఒక గొంతు. సన్నగా… రేకు మీద గోరుతో గీకినట్టు.

"ఏం తెచ్చావు…"

మూట పైకెత్తి చూపాడు. "క్లాంపు… తమరిదే."

"ఇంకా…"

"ఇంకేం లేదు సామీ."

"నట్టు…"

నట్టు సంగతి పెళ్ళానికి కూడా చెప్పలేదు. జేబులోంచి తీశాడు. మూట విప్పి, దులిపి, రెండూ చక్రం కింద పెట్టాడు.

పైన తుమ్ము. మళ్ళీ తుమ్ము.

యల్లమంద తల ఎత్తాడు. గోడవతల నుంచి రోజూ వినే తుమ్ము అది.

"ఒరేయ్ కృపావరం…"

పైలట్ సీటు మీది గాజు మూత కొంచెం లేచింది. దుప్పటి ముసుగులో తల. "మెల్లగా అన్నా. నేనడిగితే ఒక్కడన్నా ఇచ్చాడా? దెయ్యమడిగితే పరిగెత్తుకొస్తన్నారు."

"నట్టు సంగతి నీకెట్టా తెలిసిందిరా?"

"నట్టు తియ్యకుండా క్లాంపు ఎట్టా ఊడుద్ది?"

"సరే, అన్నీ వచ్చినయ్యా?"

"పైలట్ ముందుండే గడియారం ఒక్కటి రాలా. అది రాకపోతే రేపు నా పని అయిపోయినట్టే."

అంతలో లైట్లు ఆర్పుకుని ఒక కారు వచ్చి ఆగింది. అవతలి పక్కన నిచ్చెన ఉంది. యల్లమంద గబగబా ఎక్కి, ఒక్కడికే చాలని సీట్లో కృపావరం పక్కన ఇరుక్కున్నాడు.

కింద ఎవరో చెప్పులు విడిచారు. తల మీద తువ్వాలు. ఒక చేతిలో కొబ్బరికాయ… రెండో చేతిలో గుండ్రంగా ఏదో.

"ఏం తెచ్చావు…" అన్నాడు కృపావరం.

"గడియారం స్వామీ. షోకేసులో బాగుంటుందని… తప్పయింది."

కృపావరం నోరు పడిపోయింది. జీతమిచ్చే గొంతు అది. చైర్మన్ గారు.

యల్లమంద మోచేత్తో పొడిచాడు. ఇక తనే ముక్కు మూసుకుని గొంతు మార్చాడు.

"కృపావరాన్ని… తీసేస్తావా…"

కొబ్బరికాయ చేతిలోంచి జారి దొర్లింది. "తియ్యను స్వామీ, తియ్యను."

"ఆఫీసరు పోయినాక… ఎడమ చక్రం క్లాంపు… మిరప చేను యల్లమందకు పంపించు… నట్టుతో సహా…"

చైర్మన్ గారు రెండు చేతులూ జోడించారు.

"అతనికి కొత్తది కొనిస్తాను స్వామీ. తమరిది తమరి దగ్గరే ఉంచుకోండి."