ఎర్రగా వెలిగిన కేబుల్

రిసీవింగ్ స్టేషన్ వెనక కేబుల్ గుంటలో శవం బోర్లా పడి ఉంది. తల వెనక రెండు గాయాలు. కుడిచేతిలో ఫైబర్ కేబుల్ కొస. గుంట గట్టున మూత లేపే గునపం.

చనిపోయింది స్టేషన్ ఇంజనీరు.

గనిలోని సెన్సార్లు పంపే సమాచారం వెలుగు రూపంలో ఈ కేబుల్ గుండానే వస్తుంది. పైగదిలోని రిసీవర్ దాన్ని అందుకుని అంకెలుగా మారుస్తుంది. కిందటి నెల గని పైకప్పు కూలి పన్నెండు మంది పోయారు. హెచ్చరిక ఎందుకు రాలేదో తేల్చే పనిని విచారణ కమిటీ ఇంజనీరుకే అప్పగించింది.

"కాలు జారి ఉంటుంది సార్," అన్నాడు కానిస్టేబుల్.

"జారినవాడికి తల వెనక రెండు దెబ్బలు పడవయ్యా."

ఇన్‌స్పెక్టర్ అందర్నీ పైగదికి పిలిచాడు. వాచ్‌మన్. రిసీవర్లో వెలుగును అంకెలుగా చదివే డీకోడర్ తయారుచేసిన యువకుడు. అతని అక్క, అంటే చనిపోయినవాడి భార్య.

"మొదట చూసిందెవరు?"

"నేనే సార్," అన్నాడు వాచ్‌మన్. "సాయంత్రం నాలుగున్నరకి. అయ్యగారి చేతిలో తీగ కొస ఎర్రగా వెలుగుతోంది. ఫోన్ చేసొచ్చేసరికి ఆరిపోయింది."

"నువ్వెక్కడున్నావు?" అని యువకుణ్ణి అడిగాడు ఇన్‌స్పెక్టర్.

"ఈ కుర్చీలోంచి కదల్లేదు సార్," అన్నాడు తమ్ముడు. "గదిలోకి ఎవరూ రాలేదు. డేటా బాగానే వస్తోంది. నాలుగున్నరకి ఠక్కున ఆగింది. బావ పడిపోతూ కేబుల్ లాగేసి ఉంటాడు."

"మరి ఆ ఎర్ర వెలుగు?"

"ఫైబర్ అంటేనే వెలుగు కదా సార్."

ఇన్‌స్పెక్టర్ బయటికెళ్లి గని దగ్గరి టెక్నీషియన్‌తో ఫోన్లో మాట్లాడాడు. తిరిగొచ్చి తమ్ముడి ఎదుట కూర్చున్నాడు.

"డేటా మోసే వెలుగు ఇన్‌ఫ్రారెడ్. కంటికి ఆనదు. ఎర్రగా కనబడేది టెస్ట్ లాంప్. ఏ కేబుల్ ఏదో పోల్చుకోడానికి వేస్తారట. మీ బావ చేతిలో ఉన్న కొస గుంటలోంచి ఈ గదికొచ్చే కేబుల్‌ది. దాని రెండో కొస ఇక్కడే ఉంది. లాంప్ తగిలించాలంటే ముందు దాన్ని రిసీవర్ నుంచి ఊడదీయాలి. ఊడదీశాక నాలుగున్నరదాకా డేటా ఎలా వచ్చింది? నువ్వు కదలని గదిలో లాంప్ ఎవరు పెట్టారు?"

అతను అక్కవైపు తిరిగాడు.

"చెప్పరా," అంది అక్క.

"సిగ్నల్ బలహీనపడితే, పోయిన అంకెలను నా డీకోడర్ ఊహించి నింపుతుందక్కా. గని కూలిన రోజు హెచ్చరిక చెదిరిపోయి వచ్చింది. దాన్ని 'అంతా క్షేమం' అని నింపేసింది. బావ కనిపెట్టాడు. రేపు కమిటీకి చెప్పేస్తానన్నాడు. సిగ్నల్ ఎక్కడ తగ్గుతోందో చూస్తా, లాంప్ వెయ్యమని గుంటలోకి దిగాడు. వేశాను..."

"వేసి గునపం పట్టుకుని దిగావు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "నువ్వు పైకొచ్చి లాంప్ తీసేలోపే వాచ్‌మన్ చూశాడు."

"నన్ను క్షమించక్కా."

ఆమె అతనివైపు చూడలేదు.

"కమిటీ ఎన్నింటికండీ?"

"రేపు పదింటికమ్మా. మీరు రానక్కర్లేదు."

"వస్తాను. గనిలో పోయినవాళ్ల ఇళ్లవాళ్లు వస్తారు కదా. ఆయన చెప్పాల్సిన మాట నేను చెప్తాను. చేసింది నా తమ్ముడేనని కూడా."

కింద గుంటలోంచి భర్తను పైకి తీస్తున్నారు. ఆమె మెట్లు దిగి అటు నడిచింది.