స్టీరియో గది కిటికీ

ఆ వీధిలో చీకటి పడ్డాక ఎవరూ ఎడమ పక్క నడవరు.

నిజానికి ఎడమ పక్కే బాగుంటుంది. దీపస్తంభం ఉంది, కింద గచ్చు ఉంది. కుడి పక్క మురుగు కాలువ. దాని మీద పరిచిన పలకల్లో సగం విరిగిపోయాయి. అయినా జనం ఆ పలకల మీదే గెంతుకుంటూ పోతారు. ఎందుకంటే ఎడమ పక్క మేడ మీద ఒక కిటికీ ఉంది. ఆ కిటికీ గదిలో కూర్చునే పెద్దమనిషి పోయాడు. పోయినా... ఇంకా మాట్లాడుతున్నాడు.

మొదట విన్నది ఎదురు కొట్టు దర్జీ అంటారు. రాత్రి కొట్టు కట్టేసి, వంగి షట్టరుకి తాళం వేస్తున్నాడు. పైనుంచి దగ్గు వినిపించింది. తర్వాత గొంతు.

"వంగు... ఇంకా వంగు."

దర్జీ వంగే ఉన్నాడు పాపం. ఇంతకన్నా ఎలా వంగడమా అని ఆలోచించకుండా తాళం చెవి అక్కడే వదిలి పరిగెత్తాడు. మర్నాటికి ఆ దగ్గు కాస్తా కేక అయింది. పొరుగు వీధికి చేరేసరికి కిటికీలోంచి చెయ్యి కూడా వచ్చి దర్జీ మెడ పట్టుకుంది. ఈ మాటల్ని మోసినవాళ్ళంతా పెద్ద చదువులు చదివినవాళ్ళే. చదువుకి, బుర్రకి సంబంధం ఉందని ఎవరు పుట్టించారో గానీ, వాళ్ళని ఆ వీధిలో ఒక రాత్రి నిలబెట్టాలి.

పోయినాయన్ని వీధంతా స్టీరియో ఆయన అనేవారు. గదినిండా ఆయన సరంజామానే. మనిషెత్తు స్పీకర్లు, పెట్టె లాంటి యాంప్లిఫయరు, దాని నెత్తిన సీడీ ప్లేయరు. సరిగ్గా మధ్యలో ఒక్కటే కుర్చీ. పాట అనేది ఆ కుర్చీలో కూర్చున్నవాడికే వినిపిస్తుందనీ, మిగతా లోకం వినేది డబ్బాలో గులకరాళ్ళ చప్పుడనీ ఆయన నమ్మకం. ఫోనులో పాటలు వినేవాళ్ళని చూస్తే ఆయనకి జాలి కూడా కలిగేది కాదు. జాలిపడాలన్నా అవతలివాడు మనిషై ఉండాలి కదా అనేవాడు.

ఈ మోత పడలేక ఇల్లాలు ఒకసారి గట్టిగా పోట్లాడితే, ఇంటి వైపు గోడకంతా స్పాంజి కొట్టించి తలుపు వెనక ఇంకో తలుపు పెట్టించాడు. దాంతో ఇంట్లోకి చీమ చిటుక్కుమన్న శబ్దం కూడా రాదు. కిటికీ మాత్రం గాలి కోసం వదిలేశాడు. ఇల్లు ప్రశాంతంగా ఉంటే చాలు, వీధి ఏమైపోతే ఆయనకేం?

ఇక ఆయన బావమరిది. ఇల్లాలికి స్వయానా తమ్ముడు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పే లెక్చరరు. ఆయన దగ్గర వివరణ లేని విషయం లేదు. ఎవరైనా తుమ్మితే అది ఎలా వచ్చిందో బొమ్మ గీసి చూపిస్తాడు. బావ ఆయన్ని ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. "సుద్దముక్క వచ్చింది, కాఫీ ఇవ్వు" అనేవాడు పెళ్ళాంతో. లెక్చరరు కూడా తక్కువ తినలేదు. వినే చెవులకి లేని తేడాని తీగల్లో వెతుక్కునే మూర్ఖుడు అని బావ గురించి స్టాఫ్ రూములో చెప్పి నవ్వించేవాడు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి గిట్టకపోవడంలో ఎంత నిజాయితీ ఉండేదంటే, ఒక్కరోజు కూడా పైకి మంచిగా నటించలేదు.

బావ పోయిన కొత్తలో లెక్చరరు అక్కని చూడ్డానికి వచ్చాడు. ప్లేయరు పాడట్లేదురా, ఆయన ఆసుపత్రిలోంచి చెప్పినట్టే కొత్త తీగ పెట్టాను, అయినా రావట్లేదు అంది అక్క. పాత తీగ ఆయన చేతిలోనే మడతపడి విరిగిందట. ఒంట్లో బాగా లేని రోజుల్లో, నేను లేనప్పుడు రాత్రిళ్ళు పాట పెట్టుకో, ఇల్లు ఖాళీగా అనిపించదు అన్నాడట.

లెక్చరరు నిలబడే చూశాడు. ఆ తీగ కరెంటు మోసేది కాదు, వెలుగు మోసేది. ఒక చివర ప్లేయరులో, రెండో చివర యాంప్లిఫయరులో గుచ్చి ఉంది. ప్లేయరు వెనక రంధ్రంలో ఎర్ర వెలుగుంది. యాంప్లిఫయరు మీద సరైన బటనే నొక్కి ఉంది. మరి స్పీకర్లు బాగున్నాయో లేదో తేల్చాలి కదా. బల్ల మీద ఏదో ఫోను పడుంటే తీసి, బ్లూటూత్‌లో యాంప్లిఫయరుకి కలిపి ఒక పాట వదిలాడు. గది దద్దరిల్లింది.

"స్పీకర్లు భేషుగ్గా ఉన్నాయి. ప్లేయరే పోయింది. పారెయ్" అని తీర్పు చెప్పేసి భోజనానికి లేచాడు. తీగ కొత్తది కాబట్టి దాన్ని లాగి చూసే ప్రశ్నే లేదు. లెక్చరర్లు కొత్త వస్తువుల్ని అనుమానించరు.

ఆ తర్వాత కొద్ది రోజులకే కిటికీకి చెడ్డపేరొచ్చింది.

అక్క కూతురు ఊరి ఆ చివర కాపురం ఉంటుంది. ఈ కబురు విని ఆమె ఆగమేఘాల మీద నిర్ణయాలు తీసేసుకుంది. ఆదివారం వ్యాను వస్తుంది. అమ్మ తనతో వచ్చేస్తుంది. ఇంటికి తాళం పడుతుంది. స్టీరియో ఎవడు మోసుకుపోతే వాడిది. అమ్మ ఏమంటుందో అడగాలన్న ఆలోచన ఆమెకి రాలేదు. తల్లి మంచి కోరేవాళ్ళకి అంత తీరిక ఉండదు.

అక్క మాత్రం భయపడలేదు. ఆయన దెయ్యమే అయితే వీధిలో దర్జీతో ఏం పని, పక్క గదిలో నేనుండగా అంది. తనకి ఏ గొంతూ వినిపించలేదంది. ఆ మాటకి జనం ఇంకాస్త హడలిపోయారు. తర్వాత తమ్ముడికి ఫోను చేసి ఒక్కటే అడిగింది.

"ఒరేయ్... నన్ను ఈ ఇంట్లోంచి కదపకుండా చూడరా. ఆయనవి ఏవైనా మిగిలాయంటే ఇక్కడే."

దెయ్యం లేదని శనివారం రాత్రికి తేల్చేస్తానన్నాడు లెక్చరరు. తేల్చకపోతే తెల్లారి వ్యాను వస్తుంది. అదే ఫోనులో అక్క ఇంకేదో కూడా చెప్పబోయింది. ఇంకో ఫోనులో మాట రావట్లేదనో ఏదో. వాల్యూం పెంచుకో అని ఈయన పెట్టేశాడు.

శనివారం రాత్రి. అక్కని నిద్రపొమ్మని చెప్పి, రెండు తలుపులూ వేసుకుని, గదిలో దీపం ఆర్పి కూర్చున్నాడు. దెయ్యాల మీద ఆయనకి పెద్ద అభిప్రాయం లేదు. ఏ దెయ్యమైనా ఇంతవరకు పనికొచ్చే మాట ఒకటి చెప్పిందా? పేరు అడిగితే చెప్పదు, పని అడిగితే ఏడుస్తుంది. పరీక్ష పెడితే తన క్లాసులో వెనక బెంచీ కన్నా తక్కువ మార్కులొస్తాయి. ఇదంతా ఎవడో ఆకతాయి పని. కాదంటే గిరాకీ లేని దర్జీ పని.

ఊరికే కూర్చోవడం ఎందుకు, ప్లేయరు చచ్చిందని కూడా రుజువు చేసేస్తే పోలా అనుకున్నాడు. యాంప్లిఫయరు, ప్లేయరు రెండూ వేశాడు. టార్చి పట్టుకుని, సామాన్ల బీరువాకి గోడకి మధ్య సందులోకి దూరాడు. పొట్ట అడ్డొచ్చింది. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నాలుగు చేతులున్నా విప్పలేనన్ని తీగలు. దుమ్ము. ఎర్రగా ఒక చుక్క వెలుగు.

టక్.

యాంప్లిఫయరులో ఏదో కదిలినట్టు చిన్న చప్పుడు. ముందు వైపు పలక మీద ఏం మారిందో, వెనక సందులో ఉన్నవాడికి కనిపించదు. ఆయన వినలేదనుకున్నాడు. విన్నాడు.

తర్వాత... ఊపిరి. రెండు స్పీకర్లలోంచీ. గదంతా పీల్చుకున్నట్టు.

తర్వాత దగ్గు.

ఆ దగ్గు లెక్చరరుకి తెలుసు. ఆయన గుమ్మంలో అడుగు పెట్టిన ప్రతిసారీ కుర్చీలోంచి స్వాగతం చెప్పింది అదే.

"వెనక్కి వెళ్ళావా?" అంది గొంతు.

లెక్చరరు వెనకే ఉన్నాడు. టార్చి చేతిలోంచి జారి, తీగల్లో ఎక్కడో పడి ఆరిపోయింది.

"వంగు... ఇంకా వంగు. ఒళ్ళు వంచితే ఏం అరిగిపోవు."

ఆయన వంగాడు. ఎందుకు వంగానని తర్వాత చాలాసార్లు తనని తానే ప్రశ్నించుకున్నాడు. ఇన్నేళ్ళూ ఆ గొంతుకి ఎదురు చెప్పిన మనిషి, ఆ గొంతు గలవాడు పోయాక మాట వినడం మొదలుపెట్టాడు.

"చెయ్యి పెట్టు. అది కాదు... దాని పక్కది. చెప్తే వినవు కదా."

ఆయన చెయ్యి నిజంగానే వేరే తీగ మీద ఉంది. పక్కకి జరిగింది. దెయ్యం ముందుందా, పైనుందా... చీకట్లో కూడా కనిపెట్టి చూస్తోందా?

"లాగు."

లాగాడు. ప్లేయరు దగ్గర్నుంచి వస్తున్న వెలుగు, తీగ చివర మసకగా ఎర్రగా కనిపించింది. ఆరిపోతున్న నిప్పు కణికలా ఉంది.

"చివర తడిమి చూడు. చిన్న ప్లాస్టిక్ టోపీ ఉందా? కొత్త తీగకి ఉంటుంది, గీతలు పడకుండా. అది తియ్యకుండా గుచ్చేసి, రావట్లేదు రావట్లేదని మొత్తుకుంటే ఎక్కణ్ణుంచి వస్తుంది? కళ్ళకి గంతలు కట్టి చదవమన్నట్టుంది."

వేలికి తగిలింది. గోరంత టోపీ. గాజులా ఉంటుంది, వెలుగులో కూడా కనిపించదు. లాగితే ఊడి అరచేతిలోకి వచ్చింది. తీగ చివర వెలుగు సూదిలా ప్రకాశించింది.

లెక్చరరు వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. దెయ్యం ఉందన్నందుకు కాదు. ఉన్న దెయ్యం చెప్పింది కరెక్టయినందుకు.

మళ్ళీ ఊపిరి. ఈసారి గొంతు తగ్గించి, రహస్యం చెప్తున్నట్టు:

"ఇంకో మాట... మీ తమ్ముడొస్తే మాత్రం ఈ గదిలోకి రానివ్వకు."

లెక్చరరు మోకాళ్ళ మీదే కొయ్యబారిపోయాడు. మీ తమ్ముడు. అంటే దెయ్యం మాట్లాడుతున్నది తనతో కాదు. తనని ఆ మాటతో, ఆ ఈసడింపుతో బావ ఒక్క మనిషి దగ్గరే అనేవాడు.

సందులోంచి ఎలా బయటపడ్డాడో, చొక్కా ఎక్కడ చిరిగిందో తెలీదు. రెండు తలుపులూ దాటి వెనక్కి వేయగానే గొంతు కత్తితో కోసినట్టు ఆగిపోయింది. ఇల్లు చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. పక్క గది తలుపు కింద సన్నగా వెలుగు.

తోశాడు.

అక్క మంచం మీద కూర్చుని ఉంది. కళ్ళు మూసుకుని, చెవికి ఫోను ఆనించుకుని. అది బావ ఫోను. ఆ రోజు బల్ల మీద పడుంటే తను తీసుకున్న ఫోను.

"ఏం చేస్తున్నావక్కా?"

ఆమె ఉలిక్కిపడి ఫోను దిండు కిందకి తోయబోయింది. పగలు ఇది పట్టుకుంటే కూతురు కోప్పడుతుందనీ, అందుకే రాత్రిళ్ళు మాత్రమే ఆన్ చేస్తాననీ సంజాయిషీ చెప్పుకుంది. ఆసుపత్రిలో ఉండగా ఆయన తనకోసం రికార్డు చేసిన మాటలు ఇందులోనే ఉన్నాయట.

"వినిపిస్తోందా?"

"లేదురా. నువ్వొచ్చి వెళ్ళిన దగ్గర్నుంచీ మూగపోయింది. గీత కదులుతుంది... మాట రాదు. నాకు కంఠతా వచ్చులే, గీతని బట్టి పోల్చుకుంటాను. ఆయన చెప్పిన టోపీ మాత్రం ఎంత వెతికినా నా కళ్ళకి కనిపించలేదు." ఫోను మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "నీకు చెప్పాను కదా. వాల్యూం పెంచుకో అన్నావు."

లెక్చరరు బొమ్మ గీసి వివరించలేదు. ఆ రోజు తను యాంప్లిఫయరుకి కలిపిన ఫోనుని మళ్ళీ విడదీయలేదనీ, ఆమె ఆన్ చేసినప్పుడల్లా అది దానంతటదే కలుసుకుని యాంప్లిఫయరుని లేపుతోందనీ, ఆమె చెవిలోకి రావలసిన మాటలన్నీ గోడ అవతల వీధికి పోతున్నాయనీ ఏదీ చెప్పలేదు. చెయ్యి పట్టుకుని పక్క గదికి తీసుకెళ్ళి, ఎవరినీ కూర్చోనివ్వని ఆ కుర్చీలో కూర్చోబెట్టి, ఇప్పుడు నొక్కు అన్నాడు.

ఆమె నొక్కింది.

దగ్గు. ఊపిరి. వెనక్కి వెళ్ళావా. వంగు, ఇంకా వంగు. తిట్లన్నీ వరసగా, మనిషెత్తు స్పీకర్లలోంచి, ఎదురుగా నిలబడి తిడుతున్నట్టే. ఆమె రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, తిట్టు తిట్టుకీ తల ఊపుతూ వింది. కన్నీళ్ళు తుడుచుకోలేదు. "...మీ తమ్ముడొస్తే మాత్రం ఈ గదిలోకి రానివ్వకు" దగ్గరికి వచ్చేసరికి తల తిప్పి, చిరిగిన చొక్కాతో నిలబడ్డ తమ్ముణ్ణి పైనుంచి కింది దాకా చూసింది.

"విన్నావుగా. బయటికి నడు."

నడిచాడు. వెనక రెండు తలుపులూ పడ్డాయి.

ఆదివారం వ్యాను ఖాళీగానే తిరిగి వెళ్ళింది. కూతురు అరిచింది, అలిగింది, మావయ్యని నిలదీసింది. నేను రాను అన్న మాట తప్ప తల్లి ఇంకేమీ చెప్పలేదు. మావయ్య గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. దెయ్యం ఏమిటో చెప్పాలంటే దాన్ని ఎవరు పుట్టించారో కూడా చెప్పాలి మరి.

కాబట్టి వీధికి ఇప్పటికీ అసలు సంగతి తెలీదు. కిటికీ పేరు బాగుపడకపోగా ఇంకా చెడింది. టోపీ ఊడిన తీగని అక్క మళ్ళీ గుచ్చుకున్నాక, కొన్ని రాత్రులు పాట వినిపిస్తుంది, గాజులా తేటగా. కొన్ని రాత్రులు ఆ గొంతు. అదైతే అలవాటైపోయింది. దర్జీ ప్రమాణం చేసి చెప్పే కొత్త సంగతి వేరే. ఇప్పుడు గొంతులు రెండట. మగ గొంతు తిట్టి తిట్టి ఆగుతుందట. అప్పుడు ఆడ గొంతు మెల్లగా అంటుందట...

"వస్తోందండీ. ఇప్పుడు బాగా వస్తోంది."